మచ్చలేని పండు

పరిగ్రహం, అంటే కూడబెట్టుకోవడం, వద్దని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన నేనేమో నారింజ, నిమ్మజాతి పండ్ల స్టాంపులు కూడబెడుతున్నాను. “ఏకాదశికి ఉపవాసం ఉంటారు, ఆల్బం ముందు మాత్రం ఆకలి తీరదు” అని మా ఆవిడ దెప్పుతుంది.

స్టాంపును పటకారుతో పట్టుకుని, భూతద్దం కింద అంచు పళ్లు చూస్తాం. ఒక్క పన్ను విరిగినా ధర పడిపోతుంది. సుక్కోత్ పండుగకు ఎత్రోగ్ పండు కొనే యూదులదీ ఇదే వరస: తొక్క మీద మచ్చ ఉందా, కొనమీది మొన విరిగిందా అని పరీక్షిస్తారు. పుట్టుకతో మొన లేనిది చెల్లుతుంది. ఉండి విరిగితే చెల్లదు. ఆ ఎత్రోగ్ మన మాదీఫలమే, కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలో ఉన్నదే. అయితే పండుగ వెళ్లాక దాన్ని చాలా ఇళ్లలో జామ్ చేసుకుంటారు. మచ్చలేనితనం పూజ వరకే.

మరి వాడకుండా దాచిన స్టాంపు శుద్ధి దేనికి? పైగా దాచుకున్నంత మాత్రాన అది నాదైపోతుందా?

దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫ్రీ స్టేట్ 1868లో వేసిన తొలి స్టాంపు మీద నారింజచెట్టు, తపాలా బూరలు ఉంటాయి. 1900లో ఆంగ్లేయులు ఆ దేశాన్ని ఆక్రమించి, మిగిలిన స్టాంపుల మీదే తమ రాణి పొడి అక్షరాలు అచ్చేశారు. చెట్టు అదే, యజమాని మారాడు. ‘నాది’ అనే మాటకున్న బలం అంతే.

కొత్త స్టాంపుకి ఎక్కువ ధర కట్టే ఆల్బం వాళ్లతో నాకు పేచీ. ఉత్తరం మోయని స్టాంపు కర్మ చేయని సన్యాసం లాంటిది. నేను ముద్ర పడినవే కొంటాను.