చేతికి అమరిన అందము

ధ్యానభాగములు: సామెతలు 31:19-30; యెషయా 53:2; మార్కు 1:40-42



మన దోమకొండ ప్రాంతపు పెండ్లి మాటలలో సహితము ఈ దినములలో ఒక ఇంగ్లీషు మాట వినబడుచున్నది. "పిల్లవాడు హ్యాండ్‌సమ్‌గా ఉన్నాడు" అందురు. ముఖము, రంగు, ఎత్తు చూచి ఆ మాట పలుకుదుము. అయితే ఆ మాట పుట్టినది ముఖమునుండి కాదు, చేతినుండి. హ్యాండ్ అనగా చేయి. 15వ శతాబ్దమున ఆ మాటకు చేతికి అనువైనది, సులువుగా పట్టుకొని వాడదగినది అని అర్థము. చేతికి అమరిన కొడవలి పిడి వంటిదన్నమాట. తరువాత తగినది, యోగ్యమైనది అను అర్థము కలిగెను. 16వ శతాబ్దపు చివరి భాగమునకు అది చక్కని రూపమునకు చెల్లెను. పనికివచ్చుట మొదట, కంటికి నచ్చుట తరువాత. మనమో, రెండవదానిని పట్టుకొని మొదటిదానిని విడిచితిమి.

సామెతల గ్రంథము గుణవతియైన స్త్రీని వర్ణించుచు ఆమె ముఖమును గూర్చి ఒక్క మాటయు చెప్పదు. కదురు పట్టిన చేతులను, దీనులకు చాపిన చేతులను చూపును. ప్రభువు సేవకునియందు మనము కోరదగిన సొగసు లేదని యెషయా ముందే తెలిపెను. ఆ సేవకుడే కుష్ఠరోగిని ఎదుర్కొనినప్పుడు మాటతోనే బాగుచేయగలవాడైనను, చేయి చాపి అతని ముట్టెను. ఎవరును ముట్టని వానిని ముట్టిన ఆ చేయి ఎంత అందమైనది!

కామారెడ్డి నుండి నిజామాబాదు పోవు త్రోవలో డిచ్‌పల్లి కలదు. స్కాట్లాండులో జన్మించిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు 1907లో మన దేశమునకు వచ్చి, 1915లో అచ్చట కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించిరి. హిందువైన రాజా నర్సాగౌడ్ గారు ధనసహాయము చేసిరి. ఊరు వెలివేసిన వారి పుండ్లను కడిగిన ఆ పరిచర్యలో ఆమె 1932లో మరణించువరకు నిలిచిరి. ఆమె ముఖము ఎట్టిదని రోగులు అడిగియుందురా? ఆ చేతులే వారికి చాలును.

నేడు ఆ రోగము మందులతో నయమగుచున్నది. మన భయము మాత్రము ఇంకను నయము కాలేదు. బాగుపడి ఇల్లు చేరిన సహోదరుడు గుడిలో కూర్చుండగా, అతని ప్రక్క చాప ఖాళీగా ఉండుట లేదా? వచ్చు ఆదివారము ఆ చాపమీద ఎవరు కూర్చుందురు? పిల్లకు సంబంధము చూచు తలిదండ్రులారా, ముఖము చూచినది చాలును. ఆ చేతులు ఎవరికి చాపబడినవో విచారించుడి.

ప్రభువా, మేకులు దిగిన నీ చేతుల అందమును మా చేతులకు నేర్పుము. ఆమేన్.