పంట ఎండిన ఏడాది కమిటీ ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌డీలో చేరినవాళ్లు గైడ్ కన్నా ఎక్కువగా భయపడేది ఆర్‌ఏసీకి, అంటే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి. మీటింగ్ తేదీ ఖరారైందంటే చాలు, స్కాలర్ల గదుల్లో లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి. పీపీటీకి కొత్త స్లైడ్లు చేరతాయి. నిజంగా అడగాల్సిన సందేహాలు మాత్రం నోట్‌బుక్కులోనే ఉండిపోతాయి.

యూజీసీ 2022 నిబంధనలు చదివితే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. వాటిలో కమిటీకి అప్పగించిన పనులు మూడు. ప్రతిపాదన చూసి అంశాన్ని ఖరారు చేయడం, పరిశోధన పద్ధతికి దారి చూపడం, ఎప్పటికప్పుడు పురోగతిని సమీక్షిస్తూ సాయపడటం. కన్వీనరు గైడే. స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇచ్చి, చిన్న రిపోర్టు సమర్పించాలి. పని సంతృప్తికరంగా లేకపోతే కమిటీ కారణాలు రాసి, దిద్దుకునే మార్గాలు చెప్పాలి. వాటిని కూడా అమలు చేయనప్పుడే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు. తొలి తడబాటుకే వేటు పడదన్నమాట.

అనంతపురం నేల మీద ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి వానలు ఇక్కడికి అరకొరగా వస్తాయి. సముద్రం దూరం కాబట్టి ఈశాన్య వానలదీ అదే తీరు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఒక స్కాలర్ వేరుశనగలో కంది అంతర పంట మీద ప్రయోగం పెట్టుకున్నాడనుకో. జూలైలో విత్తాడు, మొలక బాగుంది. సరిగ్గా ఊడలు దిగే వేళకు బెట్ట పట్టింది. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. కోతనాడు చెట్టు పీకి చూస్తే రెండు మూడు తాలు కాయలు. దిగుబడి కాలమ్‌లో ఏం రాయాలి?

అతని ముందు రెండు దారులున్నాయి. నిరుటి లెక్కలు అటూ ఇటూ మార్చి రాయడం ఒకటి. కమిటీలో ఎవరూ పొలానికి రాలేదు, పట్టుబడకపోవచ్చు కూడా. వర్షమాపక రిజిస్టరు, ఎండిన మడుల ఫొటోలు పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పడం రెండోది. అలా చెప్పినప్పుడే కమిటీ వల్ల ఉపయోగం. మొక్కకు ఎన్ని ఊడలు వచ్చాయి, ఎన్ని కాయలయ్యాయి, మట్టిలో తేమ ఎంత ఉందో లెక్కించావా అని సేద్య శాస్త్రవేత్త అడుగుతారు. రెండేళ్ల లెక్కలు కలపకుండా కరువు ఏడాదిని విడిగా చూడమని గణాంకాల సభ్యుడు చెప్పవచ్చు. వచ్చే ఖరీఫ్‌లో కొన్ని మడులకు ఒక ప్రాణరక్షక తడి ఇచ్చి పోల్చమని గైడ్ సూచించవచ్చు. కరువు సీమలో వేరుశనగ రైతుకు అక్కరకొచ్చేది ఆ ఎండిన ఏడాది లెక్కే. దాన్ని దాచిన సిద్ధాంతగ్రంథం చదివి ఎవరైనా విత్తనం కొంటే, నష్టపోయేది ఆ రైతే.

జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ కింద స్కాలర్‌కు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి. అది ప్రజల సొమ్ము. లెక్క కుదరలేదని చెప్పడంలో నామోషీ లేదు, కుదిరినట్టు రాయడంలోనే ఉంది.

“టాపిక్ మీరే ఇవ్వండి సార్” అని గైడ్‌ను అడగడం స్కాలర్లు మానుకోవలసిన అలవాటు. అనంతపురం పక్కనున్న అప్పటి బళ్లారి జిల్లా హూవిన హడగలిలో 1920లో పుట్టిన తెలుగువాడు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీకి గణాంక, జన్యు శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ దగ్గర చేరాడు. తన ప్రయోగశాలలో ఎలుకల మీద జరుగుతున్న జన్యుశాస్త్ర పనిలో చెయ్యి వేయమన్న ఫిషర్, పరిశోధన సమస్యను మాత్రం రావునే వెతుక్కోమన్నాడు. రావు అక్కడి మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా నుంచి తవ్వితెచ్చిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించేవాడు. ఆ పనిలోంచే జీవుల వర్గీకరణకు కావలసిన గణాంక పద్ధతుల మీద సిద్ధాంతగ్రంథం పుట్టింది. 1948లో డాక్టరేట్ వచ్చింది. చేతిలో ఉన్న పనిలోనే ఆయనకు ప్రశ్న దొరికింది.

సభ్యుల మాట కలవనప్పుడు స్కాలర్ ఇరుకున పడతాడు. ఒకరు సర్వే గ్రామాలు పెంచమంటారు, ఇంకొకరు తగ్గించి లోతుగా చూడమంటారు. ఒకరి మాట ఇంకొకరి దగ్గర మోయకూడదు. ఇద్దరూ కూర్చున్న చోటే, గైడ్ సమక్షంలోనే, “రెండూ చేయడానికి వ్యవధి లేదు, ఏది ముందు?” అని వినయంగా అడగాలి. పెద్దలతో విభేదించడం అమర్యాద కాదు, ఆధారం చూపకుండా విభేదించడమే అమర్యాద. సార్ సంచి మోయడం, వైవా రోజు విందుకు అప్పు చేయడం మర్యాద కిందికి రావు. నిబంధనల్లో వాటి ఊసే లేదు.

ఇక నీ సంగతి. ఈసారి మీటింగ్‌కు వారం ముందే ఒక పేజీ నోట్ పంపు. పోయినసారి ఏం చెప్పారు, ఏం చేశావు, ఏది కుదరలేదు, ఇప్పుడు ఏ సాయం కావాలి అన్న నాలుగే అందులో ఉండాలి. సిఫారసుల కాపీ స్కాలర్‌కు ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది, అడిగి తీసుకో. అది చేతికొచ్చిన రోజే గైడ్‌తో కూర్చుని, ఏ పని ఏ నెలలో చేయాలో రాసుకో. గైడ్‌కు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న