తేడా

హుద్‌హుద్‌కి రెండు నెలల ముందు సంగతి. విశాఖలో పాత విషయాలకి ఇప్పటికీ తేదీలు అలాగే చెప్పుకుంటాం, తుపాను ముందు, తుపాను తర్వాత అని. 2014 ఆగస్టు. ప్రో కబడ్డీ మొదటి సీజన్ నడుస్తోంది. తెలుగు టైటాన్స్‌కి సొంత మైదానం మన ఊరే. అప్పటిదాకా కబడ్డీ అంటే మొహం చిట్లించిన కుర్రాళ్లు కూడా ఒక్కసారిగా రైడర్లయిపోయారు. మా కాలేజీ జట్టు సెలక్షన్స్‌కి అంతకు ముందు ఏడాది పదిహేను మంది రావడమే గగనం. ఆ ఏడు నలభై మంది దాకా వచ్చారు. నేను ఫైనలియర్, కెప్టెన్ని. పి.డి. సార్ పక్కన కుర్చీ వేసుకుని, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం మీద మార్కులు వేశాను. పన్నెండు మందిని తియ్యాలి.

వచ్చినవాళ్లలో ఒక సెకండియర్ కుర్రాడు ఉన్నాడు. పేరు రాయను. పది రైడ్లకి పంపిస్తే ఏడింట్లో పాయింటుతో తిరిగొచ్చాడు. కాలు చాపి వేలికొనతో తాకి వచ్చేస్తుంటే డిఫెండర్లకి తాకినట్టే తెలిసేది కాదు. చివరికి అతని స్థానంలో మేం తీసుకున్నవాడివి పదికి నాలుగు.

మధ్యలో మా లెఫ్ట్ కార్నర్ నా చెవి దగ్గరికొచ్చి అన్నాడు: "ఒరే, ఆడు తేడా రా. ఆడి పక్కన చెయ్యి పట్టుకుని నేను నిలబడను."

కబడ్డీ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రైడర్ కూతకొచ్చినప్పుడు డిఫెండర్లు ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు చేతులు పట్టుకుని గొలుసు కడతారు. ఆటంతా ఒంటి మీద ఒళ్లు పడేదే. నేను ఇంకేం అడగలేదు. లిస్టు చూసి పి.డి. సార్, "ఏట్రా, ఈ కుర్రోడ్ని వదిలేసావు?" అన్నారు. "టీమ్‌లో కలవడు సార్" అన్నాను. ఆయన తలూపారు. అంతే.

ఆ కుర్రాడు గే అవునో కాదో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. తెలియాల్సిన పని కూడా నాకు లేదని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అతను నాతో ఏమీ చెప్పలేదు. చెప్పే వీలు కూడా లేని కాలం అది. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ని మళ్లీ నిలబెట్టింది. అది పోవడానికి 2018 సెప్టెంబర్ 6 దాకా ఆగాలి. కానీ నేను చట్టం చూసి భయపడి ఆ పని చేశానంటే అబద్ధం. చట్టం నా తలలోకే రాలేదు. నాకు ఒక మాట కావాల్సొచ్చింది, "కలవడు" దొరికింది.

సరిగ్గా అదే ఏడాది, అదే మాట, ఎన్నో రెట్లు పెద్ద మైదానంలో వినపడింది. అమెరికా ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. అక్కడ కాలేజీ ఆటగాళ్లని ప్రొఫెషనల్ జట్లు డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు, 32 జట్లు, వరసగా పేర్లు పిలుస్తారు. ఎంత ముందు పిలిస్తే అంత డబ్బు, అంత ఓపిక. 2014 ఫిబ్రవరిలో మిస్సోరీ యూనివర్సిటీ డిఫెండర్ మైకేల్ సామ్ తాను గే అని బహిరంగంగా చెప్పాడు. ఆ సీజన్‌లో అతను, అలబామా ఆటగాడు సి.జె. మోస్లీ ఇద్దరూ తమ లీగ్‌లో ఉత్తమ డిఫెండర్లుగా అవార్డు పంచుకున్నారు. మే నెల డ్రాఫ్ట్‌లో మోస్లీది 17వ పేరు. సామ్‌ది 249వ పేరు. మొత్తం పిలిచినవే 256.

సామ్ నోరు విప్పిన కొన్ని గంటల్లోనే, పేర్లు చెప్పని జట్ల అధికారులు పత్రికలతో మాట్లాడారు. అతని విలువ పడిపోతుందని, డ్రెస్సింగ్ రూమ్‌లో ఇబ్బంది అవుతుందని. అంటే "టీమ్‌లో కలవడు" అని.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. డ్రాఫ్ట్‌కి ముందు జరిగే శారీరక పరీక్షల్లో సామ్ గొప్పగా చెయ్యలేదు. 40 గజాల పరుగుకి 4.91 సెకన్లు తీసుకున్నాడు. అతను, మోస్లీ ఆడే స్థానాలు వేరు. సామ్‌ని తీసుకున్న సెయింట్ లూయిస్ రామ్స్‌కి ఆ స్థానాల్లో అప్పటికే గట్టి ఆటగాళ్లున్నారు. ఆగస్టు చివర్లో వాళ్లు అతన్ని వదిలేస్తే, "లెక్క ప్రకారమే వదిలేశాం" అన్న మాటని కొట్టిపారెయ్యలేం. అతను ఆ లీగ్‌లో అసలు సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. అతనికి అన్యాయం జరిగిందని ఆ ఒక్క కేసు మీద నిరూపించడం ఎవరి తరమూ కాదు.

నన్ను ఇబ్బంది పెట్టేది అదే. ఒక్క మనిషి విషయంలో ఎప్పుడూ ఒక మర్యాదైన కారణం దొరుకుతుంది. కొంచెం నెమ్మది, కొంచెం పొట్టి, ఆ స్థానంలో ఖాళీ లేదు. వివక్ష తన సొంత పేరుతో ఎక్కడా సంతకం పెట్టదు. మా కాగితం ఇప్పుడు ఎవరైనా తీసి చూసినా అందులో "తేడా" అన్న మాట కనపడదు. కాబట్టి న్యాయం ఉందా లేదా అని తీర్పు చూసి అడిగితే లాభం లేదు. కారణం ఎలా తయారైందో చూడాలి. సామ్ నెమ్మదైతే నెమ్మది అని రాయండి, తప్పులేదు. కానీ అదే నెమ్మదితనం ఉన్న ఇంకొకడికి ఎన్ని మార్కులు తగ్గించారో, ఇతనికీ అన్నే తగ్గించాలి. గే కాబట్టి తీసుకోమని ఎవరూ అడగడం లేదు.

మరి "కలవడు" సంగతి? అది అబద్ధపు కారణం కాదు కదా, నిజంగానే మా లెఫ్ట్ కార్నర్ చెయ్యి పట్టుకోనన్నాడు కదా? అది నా పక్షాన ఉన్న బలమైన వాదన. కోచ్ పని సమాజాన్ని బాగు చెయ్యడం కాదు, శనివారం మ్యాచ్ గెలవడం. తోటివాళ్లకి ఇష్టం లేనివాడు జట్టులో ఉంటే ఆట దెబ్బతింటుంది. ఇందులో నాకు వ్యక్తిగత ద్వేషం ఏముంది?

ఈ వాదన మనకి కొత్త కాదు. మన ఊళ్లలో టీ హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి గుర్తు చేసుకోండి. దళితులకి వేరే గ్లాసు ఎందుకంటే హోటలాయన చెప్పే సమాధానం ఎప్పుడూ ఒకటే: "నాకేం పట్టింపు లేదండీ, మిగతా బేరాలు పోతాయి." బేరాలు నిజంగానే పోవచ్చు. ఆయన లెక్క తప్పు కాకపోవచ్చు. అయినా ఆ లెక్క ఆయన తప్పుని చెరపదు. ఎందుకంటే ఆ అసహ్యం పుట్టింది ఒకళ్లలో, దాని ఖర్చు కట్టింది ఇంకొకళ్లు. ఆయన చేసింది ఆ బిల్లు చేతులు మార్చడం.

నేను చేసిందీ అదే. చెయ్యి పట్టుకోనన్నది లెఫ్ట్ కార్నర్. మార్కు తగ్గింది ఆ కుర్రాడికి. ఒక ఆటగాడు ప్రాక్టీసుకి రాడు, తోటివాళ్లని తిడతాడు, పక్కవాడు పట్టు పట్టినప్పుడు సాయం వెళ్లడు, ఇవన్నీ "కలవడు" కిందకి వస్తాయి. అవి అతను చేసే పనులు. ఇక్కడ ఆటకి అడ్డం పడ్డవాడు ఎవరు? జట్టు కోసం పక్కవాడి చెయ్యి పట్టుకోలేనన్నవాడు. "టీమ్‌లో కలవడు" అని నేను రాయాల్సింది అతని పేరు ముందు.

పైగా కోచ్‌లకి ఇది చేతకాని పనేం కాదు. కులాలు పడనివాళ్లని, పేటల మధ్య కొట్లాటలున్నవాళ్లని, ఒకే అమ్మాయి కోసం మాటలు మానేసినవాళ్లని పక్కపక్కన నిలబెట్టి ఆడించడమే వాళ్ల రోజువారీ పని. "అవన్నీ గేటు బయట వదిలి రండి" అని పి.డి. సార్ వంద సార్లు అనుంటారు. మేం వదిలే వెళ్లేవాళ్లం. ఈ ఒక్కదాన్ని వదలమని ఎవరూ అనలేదు, ఎందుకంటే నేను ఆయనకి చెప్పలేదు.

మిస్సోరీలో ఇది పరీక్షకి కూడా నిలిచింది. సామ్ ప్రపంచానికి చెప్పింది 2014లోనే అయినా, తన జట్టుకి 2013 ఆగస్టులో, సీజన్‌కి ముందే చెప్పేశాడు. జట్టంతటికీ తెలిసిన ఆ ఏడాది వాళ్లు 14 మ్యాచ్‌ల్లో 12 గెలిచారు. డ్రెస్సింగ్ రూమ్ కూలిపోతుందని అధికారులు ఊహించే సమయానికి, కూలకుండా నిలబడ్డ డ్రెస్సింగ్ రూమ్ ఒకటి వాళ్ల కళ్లముందే ఉంది. 2021 జూన్‌లో కార్ల్ నాసిబ్ అనే ఆటగాడు తాను గే అని చెప్పి, ఆ సీజన్‌లో మామూలుగా ఆడాడు. అతన్ని డ్రాఫ్ట్‌లో తీసుకున్నది 2016లో, 65వ పేరుగా. వెల కట్టడం అయిపోయాక నోరు విప్పినవాడికీ, వెల కట్టకముందే విప్పినవాడికీ మధ్య ఉన్న దూరం గురించి ఆలోచిస్తే, తరవాతివాళ్లు ఎందుకు నోరు మూసుకుంటారో అర్థమవుతుంది.

మన ఊరి నుంచే ఇంకో లెక్క చెప్తాను. జ్యోతి యర్రాజి మన విశాఖ అమ్మాయి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరిగెత్తింది. జాతీయ రికార్డు అప్పటికి 13.38, అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది. అయినా జ్యోతి పరుగు రికార్డుగా చెల్లలేదు. వెనక నుంచి గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉంది. ఆ తర్వాతి నెలలో సైప్రస్‌లో 13.23తో పరిగెత్తి రికార్డు తీసుకుంది. నాకు ఆ 0.1 చూస్తే ముచ్చటేస్తుంది. ఎదురుగాలికి ఆ నియమం సమయమేమీ కలిపి ఇవ్వదు, నిజమే. కానీ గాలి ఎటు నుంచి, ఎంత వీచిందో టైమింగ్ పక్కన అచ్చేస్తారు. జట్టు ఎంపికల్లో ఎదురుగాలిని రాసే గడి లేదు.

గడియారం ఉన్న ఆటలో అయినా న్యాయం పూర్తిగా జరుగుతుందా? హైదరాబాద్‌లో జ్యోతికి శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ గారే ద్యుతీ చంద్‌కీ కోచ్. ఒడిశా అమ్మాయి. 2014లో, మళ్లీ అదే ఏడాది, ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎక్కువుందని కామన్‌వెల్త్ జట్టు నుంచి ఆమెని తప్పించారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నియమాన్ని ఆపించింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. 2019 మేలో, తనకి ఒక అమ్మాయితో సంబంధం ఉందని బహిరంగంగా చెప్పింది. ఇంట్లోవాళ్లే ఎదురు తిరిగారు. రెండు నెలలు తిరిగేసరికి నేపుల్స్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లు 11.32లో పరిగెత్తి బంగారం గెలిచింది. గడియారం ఆమెని ఎవర్ని ప్రేమిస్తున్నావని అడగలేదు. కానీ గీత దగ్గర నిలబడనిస్తేనే గడియారానికి పని. నిలబడనివ్వాలా వద్దా అన్నది 2014లో మనుషులే తేల్చారు. తరవాత 2023లో డోపింగ్ కేసులో ఆమెకి నాలుగేళ్ల నిషేధం పడింది. దాన్నీ దాచక్కర్లేదు. అందరికీ ఉన్న నియమం ఆమెకీ వర్తించింది. న్యాయం అడిగేవాళ్లు దేవతలై ఉండాలని ఎక్కడా లేదు.

జట్టు ఆటలో గడియారం లేదు, వేలంపాట ఉంది. 2014 కబడ్డీ వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.8 లక్షలు. 2023లో పవన్ సెహ్రావత్‌కి తెలుగు టైటాన్స్ పెట్టింది 2.605 కోట్లు. వెల పెరిగే కొద్దీ ఒక పుకారు ఖరీదూ పెరుగుతుంది.

నేను ఇప్పుడు కబడ్డీ ఆడటం లేదు. రుషికొండ వైపు ఒక ఐటీ కంపెనీలో పని. ఏడాదికి ఇరవై, ముప్పై ఇంటర్వ్యూలు చేస్తాను. ఫారంలో చివరి గడి "టీమ్ ఫిట్". పదికి ఎన్నో వెయ్యాలి, కారణం ఒక లైను రాయాలి. మొదట్లో ఆ గడి నాకు చాలా సుఖంగా ఉండేది. ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. అక్కడ మార్కు తగ్గిస్తే, ఆ మనిషి నా ముందు అన్న మాటో, చేసిన పనో రాయాలి. "ఎందుకో సెట్ కాడనిపించింది" అని రాయబోతే పెన్ను ఆపి, అనిపించింది ఎవరికి అని అడుగుతాను. చాలాసార్లు జవాబు నాకే అని వస్తుంది. అప్పుడు పూర్తి మార్కులు వేసేస్తాను. దీనితో పెద్ద న్యాయం జరిగిపోతోందని కాదు. గడిలో నా సంగతి అతని పేరు మీద రాయకుండా ఉంటున్నాను, అంతవరకే.

ఆ ఏడాది మేం సెమీఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాం. అతనుంటే గెలిచేవాళ్లమేమో అని స్నేహితులతో అన్నానొకసారి, ఏదో ప్రాయశ్చిత్తంలా. తరవాత ఆ మాటకే సిగ్గేసింది. మేం కప్పు గెలిచుంటే నేను చేసింది ఒప్పయిపోయేదా? పదికి ఏడు రైడ్లు అతను అక్కడే, నా కళ్లముందే చేశాడు. నేనే లెక్కపెట్టి, నా చేత్తోనే 7 అని వేసి, ఆ కాగితాన్నే పి.డి. సార్‌కి ఇచ్చాను.