పాత హజ్ కార్డు ఎవరికి సాక్ష్యం?

హజ్ నుంచి తిరిగి వచ్చినవారి పెట్టె విప్పి, జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు, జానమాజులు బంధువులకు పంచిపెట్టడం అయ్యాక, అడుగున కొన్ని వస్తువులు మిగిలిపోతాయి. మెడలో వేసుకుని తిరిగిన గుర్తింపు కార్డు, హజ్ కమిటీ వారిచ్చిన స్టీలు కడియం, మినా గుడారం నంబరున్న చేతిపట్టీ, చింపగా మిగిలిన బోర్డింగ్ కార్డు ముక్క. 2024లో వీటికి నుసుక్ కార్డు కూడా తోడయింది. యాత్ర ముగిసింది కనుక వీటితో ఇక పని లేదు. అయినా పారవేయడానికి మనసొప్పదు. వీటిని దాచుకోవచ్చా, షోకేసులో పెట్టుకోవచ్చా, ఇదంతా ప్రదర్శనాబుద్ధి కిందికి వస్తుందా అని కొందరు సోదరులు, ముఖ్యంగా సోదరీమణులు అడుగుతూ ఉంటారు.

దాచుకోవడం ధర్మసమ్మతమే. ఇందులో నిషేధమేమీ లేదు. ఇంతటితో జవాబు అయిపోయేదే. కానీ ఈ ప్రశ్న వెనుక మరో ప్రశ్న ఉంది. ఆ కార్డును మనం ఎవరికి సాక్ష్యంగా దాచుకుంటున్నాం?

మన కృష్ణా డెల్టాలోని పాత కుటుంబాల ట్రంకుపెట్టెల్లో ఇంతకంటే పాత కాగితాలు దొరుకుతాయి. 1995 వరకు బొంబాయి నుంచి జిద్దాకు హజ్ యాత్రికుల ఓడలు నడిచాయి. ముహమ్మదీ, ముజఫ్ఫరీ, అక్బర్, నూర్జహాన్ అనే మొగల్ లైన్ ఓడల పేర్లు పెద్దవాళ్ళ నోట చాలాకాలం నిలిచాయి. ఆ కంపెనీ 1986లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. బెజవాడలో రైలెక్కి బొంబాయి చేరడం, ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం కాచుకోవడం, టీకాలు వేయించుకున్న కాగితం చూపడం, ఆపైన రోజుల తరబడి సముద్రం. ఇంటివాళ్ళ దగ్గర కహా సునా మాఫ్ చేయించుకుని మరీ బయలుదేరేవారు. తిరిగి వస్తామన్న నమ్మకం అంతంతమాత్రం. 2009కి ముందు అంతర్జాతీయ పాస్‌పోర్టు అవసరం లేకుండా, పిల్గ్రిమ్ పాస్ అనే పుస్తకంతోనే చాలామంది వెళ్ళివచ్చారు. 1959లో రిజర్వు బ్యాంకు హజ్ యాత్రికుల కోసం ప్రత్యేకంగా పది, వంద రూపాయల నోట్లు కూడా ముద్రించింది. అవి మన దేశంలో చెల్లేవి కావు. పాతనోట్లు సేకరించేవారు ఈనాడు వాటిని చాలా పెద్ద ధరకు కొంటున్నారు. ఇంకొకరి హజ్ నోటును డబ్బిచ్చి కొనుక్కోవచ్చు మరి!

అంతకన్నా ముందు, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, మన మచిలీపట్నం రేవు నుంచే ఎర్రసముద్రం వైపు ఓడలు సాగేవి. వాటిలో హజ్‌కు వెళ్ళేవారూ ఉండేవారు. వారిలో అత్యధికుల పేర్లు మనకు తెలియవు. వారి దగ్గర కార్డు లేదు, కడియం లేదు. దారిలో చనిపోయినవారికి సమాధి కూడా లేదు. అయినంత మాత్రాన వారి హజ్‌కు లోటు వచ్చిందని ఎవరైనా అనగలరా?

సాక్ష్యం అనేది ఎవరికైనా ఒక హక్కు ఉన్నచోట అవసరమవుతుంది. అప్పు ఇచ్చినవాడికి హక్కుంది కాబట్టే పత్రం రాసుకోమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశం వచ్చింది. హజ్ విషయంలోనూ అలాంటి హక్కుదారులు ఉన్నారు. హజ్జె బదల్ సంగతే తీసుకోండి. మంచాన పడి లేవలేని తండ్రి తరఫునో, మరణించిన తల్లి తరఫునో ఇంకొకరిని హజ్‌కు పంపుతాం. డబ్బు మనది, వెళ్ళేది వేరొకరు. వెళ్ళినవాడు నిజంగా వెళ్ళాడా, ఎవరి పేర సంకల్పం చేశాడు, మిగిలిన డబ్బు ఏమైంది అని అడిగే హక్కు పంపినవారికి ఉంది. ఇక్కడ టికెట్టు, కార్డు చూపడం ప్రదర్శన కాదు, అమానతు అప్పగించడం. డమాస్కస్ జామె మస్జిదులో శతాబ్దాల పాటు పడి ఉండి, ఆ తర్వాత ఇస్తాంబుల్ చేరిన మధ్యయుగాల నాటి హజ్ పత్రాల్లో కూడా ఇలా ఇతరుల తరఫున చేసిన హజ్‌లకు సంబంధించినవి అనేకం ఉన్నాయి. కాబా బొమ్మలు వేసి, సాక్షుల పేర్లు రాసి ఎంతో ముచ్చటగా తయారుచేశారు. కానీ అసలు ప్రయోజనం లెక్క అప్పజెప్పడమే.

రెండో హక్కుదారుడు మన కంటికి కనిపించడు. హజ్ కమిటీ ద్వారా దరఖాస్తు చేసేవారు లోగడ కమిటీ ద్వారా హజ్ చేయలేదని హామీ ఇవ్వాలి. మెహ్రమ్‌గానో, వృద్ధులకు తోడుగానో వెళ్ళేవారికి కొన్ని మినహాయింపులున్నాయి, అది వేరు. దురదృష్టవశాత్తు కొందరు పెళ్ళిళ్ళలో, దావతుల్లో తమ పాత కార్డు ముచ్చట్లు గంటల తరబడి చెబుతారు. దరఖాస్తు ఫారం చేతికి రాగానే ఆ కార్డును బీరువా అడుగుకు తోసేస్తారు. వారు వెళ్ళేది నఫిల్ హజ్‌కు. ఆ అబద్ధంతో ఆగిపోయేది ఖురాలో పేరు రాక ఏటేటా ఎదురుచూస్తున్న ఒక మేస్త్రీదో, ఒక దర్జీదో ఫర్జ్ హజ్. పొరుగువాడి ముందు సాక్ష్యం, హక్కుదారుడి ముందు అబద్ధం! గోడ మీది కార్డు గురించి అడిగే సోదరులు దీని గురించి ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

ఇక మొహల్లా సంగతి. మనం హజ్ చేశామని రుజువు కోరే హక్కు వీధివారికి లేదు. లేని హక్కుకు మనం పనిగట్టుకుని సాక్ష్యం సమర్పిస్తున్నామంటే, బదులుగా వారి నుంచి ఏదో ఆశిస్తున్నామన్నమాట. పేరుకు ముందు హాజీ అన్న మాట, సభలో ముందు వరుస, బేరంలో కాస్త నమ్మకం. హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హుమా) పేర్ల ముందు హాజీ అని ఎవరూ రాయలేదు. తవాఫ్ చేస్తూనే ఫోన్లో ఫోటోలు పంపే ఈ రోజుల్లో, పాపం, పాత కార్డు దాచుకునేవారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదనుకోండి.

హుదైబియాలో చెట్టు కింద సహాబీలు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేతిలో చేయి వేసి ప్రమాణం చేశారు. అల్లాహ్ తన ప్రసన్నతను ఖుర్ఆన్‌లోనే ప్రకటించిన మహత్తర ఘట్టమది. మరుసటి ఏడాది వెళ్తే ఆ చెట్టు ఏదో తామే మరిచిపోయామని, ఆ ప్రమాణంలో పాల్గొన్న హజ్రత్ ముసయ్యిబ్ (రజి) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఆనవాలు పోయింది. ప్రమాణానికి ఏ లోటూ రాలేదు.

అరబ్బీలో కార్డును బితాఖా అంటారు. గుర్తింపు కార్డుకూ ఇదే మాట, విమానం ఎక్కే కార్డుకూ ఇదే మాట. ఈ మాట హదీసులోనూ వచ్చింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖనం, తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. తీర్పుదినాన ఒక దాసుని ముందు అతని పాపాల చిట్టాలు తొంభై తొమ్మిది పరుస్తారు. ఒక్కొక్కటి చూపు ఆనినంత దూరం. ఆ తర్వాత షహాదా రాసి ఉన్న చిన్న బితాఖా ఒకటి తీస్తారు. ఇన్ని చిట్టాల ముందు ఈ ముక్క ఏపాటి అని ఆ దాసుడే ఆశ్చర్యపోతాడు. త్రాసులో అదే బరువు తూగుతుంది. గమనించండి, ఆ బితాఖాను దాచింది అతను కాదు. తన దగ్గర అలాంటిది ఒకటుందని కూడా అతనికి తెలియదు.

అయితే ట్రంకుపెట్టెలోని కార్డులు ఎందుకు? పిల్లల కోసం. కోళ్ళు పెంచి, కుట్టుపని చేసి, ఇరవై ఏళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టి హజ్‌కు వెళ్ళిన దాదీమా పాస్ మీది ఫోటో చూస్తే, మనవరాలికి హజ్ అంటే ఏమిటో పది ఉపన్యాసాల కన్నా బాగా అర్థమవుతుంది. అల్లాహ్ అనుగ్రహాన్ని చెప్పుకోమని జుహా సూరాలో ఉంది కదా. చెప్పేటప్పుడు ఓడ కష్టం, కూడబెట్టిన తీరు, అరఫాత్‌లో కార్చిన కన్నీళ్ళు చెప్పండి. గదికి ఎంత కట్టామో, ఏ హోటల్లో దిగామో కాదు.

మరణించినవారి కార్డులు ఏం చేయాలని కూడా అడుగుతారు. అవి వారసుల సొత్తు. ఇష్టమైతే ఉంచుకోవచ్చు. అల్లాహ్ నామం, కలిమా ముద్రించి ఉన్నవాటిని చెత్తలో వేయకుండా, గుడ్డలో చుట్టి, తొక్కిడి లేని శుభ్రమైన చోట పూడ్చిపెట్టాలి. అయితే అంతకంటే ముందు తేల్చవలసినవి ఉన్నాయి. హజ్ వల్ల పాపాలు తొలగిపోతాయన్న శుభవార్త హదీసుల్లో ఉన్నా, తోటివారి బాకీలు తీర్చేదాకా మెడ మీదే ఉంటాయని ఉలమాలు చెప్పారు. అబ్బాజాన్ ఆ యాత్ర ఖర్చుకు పొలం అమ్మినప్పుడు, లేదా చేపల చెరువు కౌలు డబ్బు తీసినప్పుడు, అందులో తన అక్కచెల్లెళ్ళ వాటా ఉందా, ఉంటే ఇచ్చారా అని కార్డు పంచుకునే ముందు అన్నదమ్ములు కూర్చుని చూసుకోవాలి. ఇవ్వకపోతే, ఆయన వదిలివెళ్ళిన ఆస్తిని పంచుకోకముందే ఆ బాకీ చెల్లించాలి. ఆ మేనత్తలు లేకపోతే వారి పిల్లలకు.