మూగజీవము నెదుట నమ్మకస్థుడు

ధ్యానభాగములు: సామెతలు 12:10; యెహెజ్కేలు 34:1–16; లూకా 14:1–6



మన సంఘములలో ఉపదేశకులు, నర్సులు, బడిపంతుళ్లు ఉన్నారు. వారి పని దేవుని సేవయని మనము సులువుగా ఒప్పుకొందుము. పశువుల ఆసుపత్రిలో సహాయకుడుగా పనిచేయు సహోదరుని గూర్చి, ఈ దినములలో ఆ పనిలో చేరుచున్న మన ఆడపిల్లలను గూర్చి ఆలాగు పలుకుట అరుదు. పేడలో చేయి పెట్టు ఉద్యోగమని నవ్వువారు కూడ కలరు. ఈ మాసము ఆ పనినే వాక్యపు వెలుగులో ధ్యానింతము.

సామెతల గ్రంథకర్త నీతిమంతుని ఒక చిన్న గుర్తుచేత పోల్చుచున్నాడు. అతడు తన పశువునెడల ఎట్లుండునో చూడుమనుచున్నాడు. హెబ్రీ మూలములో అచ్చట ఉన్నది ‘ఎరుగుట’ అను క్రియ. పశువు ప్రాణమును అతడు ఎరుగును. దయ ఎరుకతో మొదలగుచున్నదన్నమాట. గేదె తనకు ఎక్కడ నొప్పియో చెప్పదు. కాబట్టి సహాయకుడు మొదట దాని ముట్టె తడిగా నున్నదో, ఎండినదో చూచును. నెమరు వేయుచున్నదా అని అడుగును. ఎడమ డొక్కలో పిడికిలి నొక్కిపెట్టి కడుపు కదలికలను లెక్కించును; ఆరోగ్యముగల పశువునకు రెండు నిమిషములలో రెండు మూడు మారులు కదలవలెను. వేడి 101, 102 డిగ్రీలున్నచో మనిషికి జ్వరమందుము, ఆవుకు అది ఆరోగ్యము. యాకోబు ఏశావుతో పలికినది జ్ఞాపకము చేసికొనుడి (ఆది. 33:13). పాలిచ్చు మందను ఒక్కదినము తొందరపెట్టి తోలినను దక్కవని అతడు చెప్పెను. ఇరువది యేండ్లు మందలను కాచినవాడు మాత్రమే అట్లు చెప్పగలడు.

ఇక యెహెజ్కేలు 34వ అధ్యాయమునకు రండి. నాలుగవ వచనములో దేవుడు కాపరులపై మోపిన నేరములను వరుసగా చదివినచో, పశువుల ఆసుపత్రి రిజిస్టరు చదివినట్లే యుండును. కాలు విరిగినదానికి కట్టు లేదు, జబ్బుపడినదానికి మందు లేదు, నీరసించినదానిని లేపినవాడు లేడు. పదునారవ వచనములో, వారు మానివేసిన ఆ పనినే దేవుడు తాను చేయుటకు పూనుకొనుచున్నాడు. అచ్చట ఆయన మాటలాడుచున్నది జనులను గూర్చియే, సందేహము లేదు. అయినను తన ప్రేమను వర్ణించుటకు రాజాస్థానపు మాటను వెదకక, గుడ్డపేలికతో కట్టు కట్టువాని మాటను ఎన్నుకొనెను.

మనలో అనేకుల తాతముత్తాతలకు పశువుతోనుండిన సంబంధమును గూర్చి మాటలాడుటకు మనము సిగ్గుపడుదుము. ఊరిలో పశువు చచ్చిన తరువాత వారికి కబురు వచ్చెడిది. ఈడ్చుకొనిపోవుట, తోలు ఒలుచుట, ఊనుట వారి వంతు. అంటరానివారను పేరు వారికి దొరకిన కూలి. 1866లో క్రీస్తును అంగీకరించి ఒంగోలు ప్రాంతమున సువార్తకు దారితీసిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడే. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నీళ్లలోనికి దిగినవారిలో ఈ పని ఎరిగిన చేతులు ఎన్నియో యుండెను. పేతురు యొప్పేలో ఎవరి యింట బసచేసెనో అపొస్తలుల కార్యములు 9:43లో చూడుడి. తోళ్లు ఊను సీమోను ఇంటనే. ఆ వృత్తిని యూదులు రోతగా ఎంచెడివారు. ఇప్పుడు పశువు బ్రతికియుండగనే మనుమనికి కబురు వచ్చుచున్నది. తాత గుమ్మమవతల నిలిచిన ఇంటి దొడ్డిలోనికి మనుమని చేయిపట్టి తీసికొనిపోవుచున్నారు. ఇది చిన్న సంగతియని నేననుకొనను.

అయితే చచ్చిన పశువునొద్ద కూడ వానికి పని ఉన్నది, అది కష్టమైనది. దొమ్మరోగముచేత చచ్చిన పశువునకు ముక్కునుండియు ఆసనమునుండియు నల్లని రక్తము కారి, గడ్డకట్టక యుండును. దానిని కోయరాదు, తోలు ఒలవరాదు, తినరాదు. కోసినయెడల ఆ క్రిములు గాలి తగిలి విత్తనములవలె గట్టిపడి, ఆ నేలలో ఏండ్లతరబడి నిలుచును. లోతుగా గొయ్యి తీసి సున్నము వేసి పూడ్చవలెను. మాంసము ఎప్పుడోగాని కంటబడని యింటివారితో ఈ మాట చెప్పి, వారు కోపపడినను గొయ్యి పూడ్చువరకు అక్కడనే నిలుచుటకు ధైర్యము కావలెను. ఆ తోళ్లు ఒలిచి, ఒడలిపై నల్లని పుండ్లు లేచి చనిపోయిన మన పూర్వికులకు ఈ హెచ్చరిక చెప్పినవాడు ఒక్కడును లేకపోయెను.

మన పెద్దలు పెద్దరోగమని, ముసర రోగమని పిలిచిన తెగులు ఒకప్పుడు ఊరి దొడ్లను ఖాళీ చేసెడిది. 1920ల చివర ముక్తేశ్వరములోని ప్రభుత్వ పరిశోధనాలయమున ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు మేకలలో పెంచి నెమ్మదింపజేసిన క్రిమితో టీకా సిద్ధపరచెను. 1954లో మన దేశము దానిని నిర్మూలింప పూనుకొనెను. 1995 తరువాత ఆ తెగులు ఇక్కడ కనబడలేదు. 2011లో లోకమంతట లేదని ప్రకటించిరి. మశూచికము తరువాత మానవులు భూమిమీదనుండి తుడిచివేసిన రోగము ఇదొక్కటే. శాస్త్రజ్ఞుల పేర్లు గ్రంథములలో ఉన్నవి. మంచుగడ్డలు నింపిన ఫ్లాస్కు భుజమున తగిలించుకొని, బండ్లదారిన పోయి, ముకుతాడు పట్టి ఒక్కొక్క పశువునకు సూది వేసిన సహాయకుల పేర్లు ఎచ్చటను లేవు.

ఆ మంచు కరగిపోయినదనుకొనుడి. మందు చెడినను చూపునకు మందువలెనే యుండును. గేదెకు తెలియదు, రైతునకు తెలియదు. రిజిస్టరులో లెక్క సరిగానే యుండును. రోగము కొన్ని నెలలకు వచ్చినప్పుడు ‘మా ప్రాప్తము’ అని రైతు తల కొట్టుకొనును. నేడును ఇంతే. గాలికుంటు టీకాను రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచవలెను. ఎండలో బండిపెట్టెలో వదలిన సీసాను గూర్చి సాక్ష్యము చెప్పువారు లేరు. బిలాము గాడిదకు దేవుడు నోరు తెరచెను (సంఖ్యా. 22). మిగిలిన గాడిదలకు ఆ భాగ్యము కలుగలేదు. అయినను ఆ కథలో దేవదూత, మూడుమారులు దెబ్బలు తిన్నది ఎవరో లెక్కపెట్టుకొనియే వచ్చెను. అవసరమైతే ప్రవక్తను చంపి గాడిదను బ్రతుకనిచ్చియుందునని స్పష్టముగా చెప్పెను.

సూదితో చేసిన పని పశువుతో ముగియదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు, వాటి కళేబరములు తిన్న రాబందుల మూత్రపిండములను చెడగొట్టెను. 2006లో పశువైద్యమునకు దానిని నిషేధించునప్పటికి మన దేశపు రాబందులు చాలవరకు నశించెను. పొదుగువాపునకు మందు వేసినప్పుడు, సీసాపై చెప్పిన దినములు గడచువరకు ఆ పాలు కేంద్రమునకు పోయరాదు. ఒక్క గేదెతో బ్రతుకు విధవరాలు, ‘అయ్యా, ఆ పాలే మా బియ్యము’ అని అడుగును. సహాయకుడు నోరు మూసికొనరాదు, పాలు త్రాగు పసిబిడ్డలు అవతల ఉన్నారు. అయితే అతనినొక్కనినే ఆ కన్నీటియెదుట నిలువబెట్టి మనము ఇంటిలో కూర్చుండుట ధర్మమా? ఆ నాలుగైదు దినముల బియ్యము కానుకల సంచిలోనుండి రాగూడదా? సంఘపెద్దలు దీనిని ఆలోచింపవలెనని కోరుచున్నాను.

పాలు చేపుటకు సూది వేయుమని అడుగువారు ఉందురు. పశువునకు హానిచేయు అట్టి సూది 1960 నాటి చట్టము ప్రకారము నేరమే. పందెపు కోళ్లకు బలమునకు సూది వేయించుకొన వచ్చువారిని గూర్చి వ్రాయుటకు ఈ పుట చాలదు! ఊరివారు ‘డాక్టరుగారూ’ అని పిలుచుట ఇంకొక శోధన. 1984 నాటి చట్టము సహాయకునికి చిన్న చికిత్సలను మాత్రము, రిజిస్టరైన వైద్యుని ఆజ్ఞక్రింద చేయ అనుమతించినది. దూడ అడ్డము తిరిగినప్పుడు ‘ఇది నా వల్ల కాదు, డాక్టరుగారికి ఫోను చేయుదుము’ అని వెంటనే చెప్పినవాడు ఆవును, దూడను దక్కించును.

ఆదివారమును గూర్చి ఒక మాట. గంట కొట్టిన తరువాత గేదె కడుపు ఉబ్బి పడిపోయినదని కబురు వచ్చును. ఉబ్బరము ఆరాధన ముగియువరకు ఆగదు, గడియలలో ప్రాణము తీయును. విశ్రాంతిదినమున గుంటలో పడిన ఎద్దును గూర్చి ప్రభువు పరిసయ్యులను అడిగినప్పుడు, వారిలో ఒక్కడును బదులు చెప్పలేకపోయెను. తమ ఎద్దయితే ఏమి చేయుదురో వారికి తెలియును. శత్రువుని ఎద్దు విషయమై, తన్ను ద్వేషించువాని గాడిద విషయమై కూడ ధర్మశాస్త్రము మునుపే చెప్పియున్నది (నిర్గమ. 23:4–5). మన సహోదరుడు మూడవ పాటకు లేచిపోయినను, ప్రసంగము మధ్య చేతులు తుడుచుకొనుచు వచ్చినను, వెనుకకు తిరిగి చూడకుడి. చాపమీద చోటియ్యుడి. ప్రభు బల్ల ఆదివారమైనచో అతడు వచ్చువరకు కొంత ఆగుట పాదిరిగారికి భారము కాదు.

మీ దొడ్డికి అతడు వచ్చునప్పుడు ఒక బకెట్టు నీళ్లు, సబ్బు ముందే ఉంచుడి. ఈనలేక యున్న పశువులోనికి గాని, పడని మాయమీదికి గాని వట్టి చేతులు పెట్టించకుడి. ఈసుడు రోగపు క్రిములు ఆ మైలలోనుండి మనుష్యులకు అంటి, విడిచి విడిచి వచ్చు జ్వరముతో నెలలతరబడి పడవేయును. తొడుగులు వేసికొనువరకు అతనిని తొందరపెట్టకుడి. రాత్రివేళ అయినచో దీపము పట్టుకొనుటకు ఒకరు, పశువును పట్టుకొనుటకు ఇద్దరు ఇంటియొద్దనే యుండుడి.