సిమెంటు పూయించే ముందు

అమ్మలూ,

పెరటి ప్రహరీ గోడ నెర్రెలిచ్చిందనీ, మేస్త్రీని పిలిచి పైన సిమెంటు పూయించేస్తాననీ అన్నావట. కాస్త ఆగు తల్లీ. ముందు పిల్లల్ని ఆ గోడ వారకు పోనివ్వకు. బట్టలారేసే తీగ దానికి కట్టి ఉంటే విప్పేయించు. మేస్త్రీ రాగానే గోడ తల నుంచి తూకం గుండు వదిలి చూడమను. తొమ్మిది అంగుళాల గోడ పైభాగంలో మూడంగుళాల దాకా వాలిపోయిందంటే ఇక మరమ్మతు మాట వద్దు, ఆ మేరకు విప్పి కట్టాల్సిందే. అంత వాలితే బరువు ఒక అంచు మీదికి జరిగి, రెండో వైపు ఇటుకలకూ మాలుకూ మధ్య పట్టు వదిలిపోతుంది. గాలివాన రోజున అదే కూలుతుంది.

వాలు లేదంటే నెర్రె ఎలా పోయిందో నిదానంగా చూడు. మెట్లు మెట్లుగా ఇటుకల సందుల వెంట దిగుతూ, పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే ఒక కొసన పునాది కుంగుతోంది. ఒకే వరస వెంట అడ్డంగా సాగితే వెనక నుంచి మట్టి తోస్తోందన్నమాట. నెర్రె రెండు కొసలా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వెయ్యి. గీత దాటి పాకుతోందంటే గోడ ఇంకా కదులుతోంది. కదిలే గోడకు ఎంత సిమెంటు పూసినా మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది, డబ్బు దండగ.

మన తెనాలి వైపు నల్లరేగడి సంగతి నీకు తెలియనిది కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి ముడుచుకుంటుంది. ప్రహరీ గోడే కదా అని అడుగున్నర లోతున పునాది వేస్తే అది ఆ మట్టితో పాటే లేస్తుంది, దిగుతుంది. కాబట్టి కుంగిన కొసన తవ్వించి, ఎండాకాలపు బీటలు దిగే లోతు దాటాకే కొత్త పునాది మొదలుపెట్టించు. చూరు నీళ్లు, స్నానాల గది నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలవ తీయించు. పూలమొక్కల కోసం గోడకు ఆనించి పోసిన మట్టిని వెనక్కి లాగించు. ఎత్తుగా మట్టి ఉండి తీరాలంటే కింది వరసల్లో నీళ్లు పోయే కన్నాలు వదలాలి, వాటి వెనక కంకర పోయాలి. నా లెక్కలో గోడ బతికేది ఇక్కడే. తాపీ పని ఆ తర్వాతి సంగతి.

వేపచెట్టు వేరు గోడ కిందికి వచ్చిందన్నావు. దాన్ని నరికించకు. ఒక పక్క పెద్ద వేరు తెగితే చెట్టుకు పట్టు పోతుంది, పెద్దగాలికి ఇంటి మీదికే రావచ్చు. వేరుకు అటూ ఇటూ పునాది దించి, పైన చిన్న కాంక్రీటు దూలం వేసి, వేరు లావెక్కడానికి కింద ఖాళీ ఉంచమను. గోడ సందుల్లో మొలిచిన రావిమొక్కను మాత్రం కనికరించకు. కొమ్మ విరిస్తే మళ్లీ చిగురిస్తుంది, ఇటుక ఊడదీసైనా వేరుతో సహా తీయించు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ గోడలో పాతభాగం తాతగారు సున్నంతో కట్టించింది. మేకుతో గీరితే తెల్లగా రాలేది సున్నపు మాలు. దాని మీద సిమెంటు పెట్టనివ్వకు. సిమెంటు బిర్రుగా బిగుసుకుని లోపలి తేమను బయటికి పోనివ్వదు, ఆ తేమ ఇటుకలోంచే దారి చేసుకుంటుంది. ఉప్పు పొంగి ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. అక్కడ సందుల్ని ముప్పావు అంగుళం లోతున గీకించి, నీళ్లు చిలకరించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకతో నింపించు. మేస్త్రీ విసుక్కుంటాడు, సున్నం ఆలస్యంగా ఆరుతుంది మరి. బతిమాలైనా చేయించు.

కొత్తగా కట్టేచోట ఒకటికి ఆరు పాళ్ల సిమెంటు మాలు చాలు. రెండు ఇటుకలు తట్టిస్తే ఖంగుమనాలి, బొదబొదమంటే తీసుకోవద్దు. కట్టే ముందు నీళ్లలో బాగా నానబెట్టించు. లేకపోతే మాలులోని నీటిని అవే పీల్చేస్తాయి. పాతగోడ కొసన ఒక వరస విడిచి ఒక వరస ఇటుకలు తీసి, కొత్తవాటిని అందులోకి జొనిపించాలి, ఊరికే ఆనిస్తే అతుకు నిలవదు. ప్రతి పదడుగులకూ ఒక స్తంభం లేపించు. గోడ తల మీద వాలుగా కప్పు వేయించి, దాని అంచు గోడను దాటి రెండంగుళాలు బయటికి ఉండేలా చూడు. పాతగోడకు అది లేకపోవడం వల్లే వాన నీళ్లు నేరుగా లోపలికి దిగాయి.

సిమెంటు కట్టుబడికి కనీసం వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టు. సున్నం నింపినచోట తడి గోనెపట్టాలు కప్పితే చాలు. సంక్రాంతి దాటాక పని పెట్టుకో, అప్పటికి నేల మరీ నాని ఉండదు, బీటలూ వారదు. గోడ అవతలివాళ్లకు నువ్వే వెళ్లి ముందుగా చెప్పు. తవ్వేది వాళ్ల పాకకు దగ్గర కదా.

— మీ మావయ్య