ఉద్దేశం మంచిదైతే చాలా?

"మౌలానా సాబ్! లక్షద్వీప్ వెళ్తున్నాను. కవరత్తి దగ్గర పిట్టి అనే పక్షుల దీవి ఉందట. దిగొద్దు, పడవలోంచే చూడమంటున్నారు. పిట్టలకు హాని చేసే ఉద్దేశం నాకు లేదు కదా, దిగితే తప్పేమిటి?" అని ఒక యువకుడు అడిగాడు.

చిన్న ప్రశ్నే. కాని మనమంతా తరచూ చెప్పుకునే సాకు ఇందులో ఉంది.

ముందు ఆ దీవి సంగతి చూద్దాం. కవరత్తికి ఉత్తరం వైపు సుమారు 24 కిలోమీటర్ల దూరాన, సముద్రం మధ్య మూడెకరాల ఇసుక దిబ్బ అది. అక్కడ పగడపు రాళ్లే తప్ప చెట్టు లేదు, మనిషి లేడు. ప్రభుత్వం దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. అక్కడికి వచ్చే సూటీ టర్న్ అనే సముద్రపక్షి గూడు కట్టదు. వట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లీతండ్రీ సుమారు నెల రోజులు వంతులవారీగా దాన్ని పొదుగుతాయి, ఎండ తగలకుండా కాపాడతాయి. మనిషి అడుగు పెట్టగానే గుంపంతా లేచిపోతుంది. నీడ తొలగిన గుడ్డు మండుటెండలో మాడిపోతుంది. ఇసుకలో కలిసిపోయిన గుడ్లు కాలి కింద నలిగిపోతాయి.

ఇప్పుడు సంకల్పం (నియ్యత్) విషయం. కర్మలకు సంకల్పమే ఆధారమన్నది నిజమే. అయితే మంచి సంకల్పం మన కర్మకు విలువనిస్తుందే తప్ప ఎదుటివారికి జరిగిన నష్టాన్ని చెరిపివేయదు. పొరుగువాని కుండను పొరపాటున పగలగొట్టినవాడు పాపాత్ముడు కాకపోవచ్చు. అయినా పరిహారం చెల్లించాల్సిందేనని ధర్మశాస్త్ర పండితులు చెప్పారు. మరి చితికిన గుడ్డుకు పరిహారం ఎవరికి చెల్లిస్తాం? పైగా హాని జరుగుతుందని తెలిశాక కూడా అడుగు వేస్తే, అది పొరపాటు ఎలా అవుతుంది?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సునన్ అబూదావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లల్ని పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడిపోయింది. దైవప్రవక్త (స) అది చూసి, ఈ తల్లిని బాధపెట్టిందెవరని అడిగారు. పిల్లల్ని తిరిగి ఇచ్చెయ్యమని ఆదేశించారు. ఏ ఉద్దేశంతో పట్టుకున్నారని మాత్రం అడగలేదు!

అలాగని చూడటం తప్పు కాదు. ఆకాశంలో రెక్కలు చాచి ఎగిరే పక్షుల్ని గమనించమని దివ్యఖుర్ఆన్ (67:19) మనల్ని ఆలోచింపజేస్తుంది. చూడటానికి కళ్లు చాలు, కాళ్లతో తొక్కనవసరం లేదు. లక్షద్వీప్ వాసుల్లో అత్యధికులు మన ముస్లిం సోదరులే. అక్కడి జాలరులు సముద్రం మీద పక్షుల గుంపును చూసి ట్యూనా చేపల జాడ తెలుసుకుంటారు. అంటే ఆ పిట్టలు వారి జీవనోపాధికీ తోడ్పడుతున్నాయి.

"పడవలోనే ఉండు బేటా. దిగాలన్న కోరికను అల్లాహ్ కోసం వదులుకుంటే అదీ పుణ్యమే" అని ఆ యువకునికి చెప్పాను.

ప్రియ పాఠకులారా! మన నోటి మాట వల్ల ఎవరి మనసో నొచ్చుకున్నప్పుడు "నా ఉద్దేశం అది కాదు" అనేసి ఊరుకుంటాం. ముందుగా ఆ గాయం సంగతి చూద్దాం. మన అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుని నడిచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.